ఈరీ సరస్సులో సొంత పడవ మీద పీలీ దీవికి: కెనడా గీత దాటితే ఎవరికి చెప్పాలి?

నోవై_వాసి | జూన్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటాం. మా ఆఫీసులో పనిచేసే ఒక అన్నగారు ఈ వేసవికి 24 అడుగుల మరపడవ కొన్నారు. కొన్నప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. జూలైలో ఒక శనివారం ఒహాయో వైపు పుట్-ఇన్-బే అనే దీవి ఊరికి చేరుకుని, అక్కడి నుంచి సరస్సు దాటి కెనడా వారి పీలీ దీవిలో మధ్యాహ్న భోజనం చేసి, పొద్దు గూకేలోగా తిరిగి రావాలని ఆయన పథకం.

పడవ ఎక్కేవారి సంగతి ఇదీ. అన్నగారికీ వదినగారికీ గ్రీన్‌కార్డులు ఉన్నాయి. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, నా భార్యది దాని మీద వచ్చే హెచ్-4. మా పాస్‌పోర్టుల్లోని అమెరికా వీసా ముద్రలకు నిరుడే గడువు తీరింది. ఐ-94, అంటే ఇక్కడ ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పే కాగితం, మాత్రం ఇంకా రెండేళ్ళు ఉంది. నయాగరాను అటువైపు నుంచి చూద్దామని తీసుకున్న కెనడా సందర్శక వీసాలు మా ఇద్దరికీ ఉన్నాయి. మా అమ్మానాన్నలు బి-2 సందర్శక వీసా మీద వచ్చారు, వారికి కెనడా వీసా లేదు.

రోడ్డు మీద వెళ్తే వంతెన చివర గుమ్మం కనిపిస్తుంది, ఆగుతాం, కాగితాలు చూపిస్తాం. నీళ్ళ మీద ఆ గుమ్మం ఎక్కడ ఉంటుంది? దిగకుండా దీవి చుట్టూ తిరిగి వచ్చేస్తే ఎవరికైనా చెప్పాలా?

గాలివాటు | జూన్ 14, రాత్రి 10:15

ఇంత ఆలోచన దేనికండీ, హాయిగా వెళ్ళి రండి. మేము డెట్రాయిట్ పక్కన సరిహద్దు మీదున్న సెయింట్ క్లెయిర్ సరస్సులో నాలుగేళ్ళుగా తిరుగుతున్నాం. గీత ఎప్పుడు దాటామో మాకే తెలియదు. ఒక్కరూ ఆపలేదు, ఒక్కరూ అడగలేదు.

చుక్కాని_రావు | జూన్ 15, ఉదయం 6:05

గాలివాటు గారూ, పేరుకు తగిన సలహా ఇచ్చారు. నోవై_వాసి గారూ, నేను ఒహాయో తీరంలో పదిహేనేళ్ళుగా పడవ నడుపుతున్నాను. కాఫీ పక్కన పెట్టుకుని తీరిగ్గా రాస్తున్నాను, మీరూ తీరిగ్గా చదవండి.

ముందు గీత సంగతి. సరస్సు మధ్యలో కంచె, జెండా, తేలే డబ్బా ఏమీ ఉండవు. అది పటం మీద చుక్కల గీత మాత్రమే. ఫోనులోని నౌకా పటంలోనో పడవలోని జీపీఎస్ తెరమీదో చూసుకోవాలి. పుట్-ఇన్-బే నుంచి మిడిల్ బాస్, నార్త్ బాస్ దీవులు దాటాక, పీలీకి ఇవతల ఆ గీత వస్తుంది. ఫోనుకు కెనడా సిగ్నల్ తగిలిందంటే గీత దాటినట్టే అనుకునేవారు ఉన్నారు. దాన్ని నమ్మకండి, మా ఇంటి పెరట్లోనే నా ఫోను అప్పుడప్పుడు కెనడా వెళ్ళి వస్తుంది.

దాటడం, దిగడం రెండూ ఒకటి కావు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉంది. ఈ సరిహద్దు జలాల్లో రెండు దేశాల పడవలూ స్వేచ్ఛగా తిరగవచ్చని 1909 నాటి ఒప్పందంలోనే రాసుకున్నారు. అయినా కెనడా చట్టం ప్రకారం వారి నీళ్ళలోకి వస్తే కబురు చెప్పాల్సిందేనన్న వాదన చాలాకాలం నడిచింది. 2011లో సెయింట్ లారెన్స్ నదిలో గనానొక్ దగ్గర చేపలు పట్టుకుంటున్న ఒక అమెరికా ఆయనను కెనడా అధికారులు ఆపి, పడవ స్వాధీనం చేసుకుంటామని చెప్పి, వెయ్యి డాలర్లు కట్టించుకున్నారు. పెద్ద గొడవయ్యాక దాన్ని ఒక్క డాలరుకు తగ్గించారు. చివరికి 2017లో చట్టమే మార్చారు. ఇప్పుడు వారి నీళ్ళలోకి వెళ్ళి నేరుగా బయటికి వచ్చేస్తే చెప్పనక్కరలేదు. అయితే లంగరు వేయకూడదు, రేవుకు కట్టకూడదు, మరో పడవతో కలవకూడదు, మనిషినిగానీ వస్తువునుగానీ ఎక్కించకూడదు, దించకూడదు.

ఈ లంగరు దగ్గరే మనవాళ్ళు బోల్తా పడతారు. పీలీ ఒడ్డున ఇసుక బాగుంది, అరగంట లంగరు వేసి పిల్లలకు ఈత కొట్టిద్దాం అనుకుంటారు. నేల మీద కాలు పెట్టకపోయినా, లంగరు వేసిన క్షణాన మీరు కెనడా వచ్చినట్టే లెక్క.

దిగదలచుకుంటే పద్ధతి సులువే. కబురు చెప్పడానికి నిర్ణయించిన రేవుకే వెళ్ళాలి. పడవ కట్టాక సరంగు ఒక్కరే దిగి కెనడా సరిహద్దు అధికారులకు 1-888-226-7277కి ఫోను చేయాలి. అనుమతి వచ్చేదాకా మిగతావారు పడవలోనే కూర్చోవాలి. ఎవరెవరు, ఏ దేశస్థులు, పుట్టిన తేదీలు, ఎన్నాళ్ళుంటారు, మద్యం ఎంత, తుపాకులు ఉన్నాయా అని అడుగుతారు. ఒక నివేదిక సంఖ్య ఇస్తారు, రాసుకోండి. కొన్నిసార్లు అధికారి వచ్చి చూస్తారు, చాలాసార్లు రారు.

తిరిగి వచ్చేటప్పుడు అమెరికా వైపు కూడా చెప్పాలి. అక్కడి సరిహద్దు శాఖ సీబీపీది, రోమ్ అనే యాప్ ఉంది. ఖాతా, అందరి పాస్‌పోర్టులు, పడవ వివరాలు ముందు రోజే ఎక్కించి పెట్టుకోండి. ఈ ఒడ్డుకు చేరగానే నొక్కాలి. అధికారి అవసరమనుకుంటే వీడియోలో మాట్లాడతారు, లేదా స్వయంగా రమ్మంటారు. చెప్పకపోతే పడవ నడిపినవారికి మొదటిసారి 5,000 డాలర్లు, ఆపైన ప్రతిసారీ 10,000 డాలర్ల దాకా జరిమానా పడుతుంది. పడవను కూడా పట్టుకోవచ్చు. 30 అడుగులు, అంతకు మించిన పడవకు ఏటా ఒక స్టిక్కరు కొనాలి. మీది 24 కనుక ఆ బాధ లేదు.

వలసపక్షి | జూన్ 15, ఉదయం 8:30

రావుగారు పడవ సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి చెబుతాను. న్యాయవాదిని కాదు. ఇరవై ఏళ్ళుగా న్యాయవాదులకు డబ్బు కడుతున్నవాణ్ణి.

వీసా ముద్ర గడువు తీరినా, ఐ-94 చెల్లుతూ ఉంటే, కెనడాలో 30 రోజులకు మించకుండా ఉండి తిరిగి రావచ్చు. దీన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. వంతెన మీద వచ్చినా పడవ మీద వచ్చినా నియమం ఒకటే. కెనడాలో ఉన్నప్పుడు కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు పెడితే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది. మధ్యాహ్న భోజనానికి వెళ్తూ ఎవరూ ఆ పని చేయరు కనుక మీ దంపతులకు చిక్కు లేదు. ఐ-94 కాగితం, ఐ-797 అనే వీసా హోదా ఆమోద పత్రం, ఈమధ్య జీతం చీటీలు దగ్గర ఉంచుకోండి. వీడియోలో ముగిసే పని అనుకోవద్దు, మీ వరకు స్వయంగా రమ్మనవచ్చు.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి కెనడా వీసా అక్కరలేదు, పాస్‌పోర్టు, కార్డు రెండూ తీసుకెళ్ళాలి. ఇంట్లో బీరువాలో కార్డు పెట్టి ఫోటో చూపిస్తామంటే కుదరదు.

అమ్మానాన్నలు మాత్రం కెనడా వీసా లేకుండా పీలీలో దిగలేరు. భారతీయ పాస్‌పోర్టుకు, అందులో అమెరికా వీసా ఉన్నా, కెనడా సందర్శక వీసా కావాల్సిందే.

అజ్ఞాత_485 | జూన్ 15, ఉదయం 9:02

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా గ్రీన్‌కార్డు దరఖాస్తు, అదే ఐ-485, పెండింగులో ఉంది. హెచ్-1బి వదిలేసి ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీద పని చేస్తున్నాను. బయటికి వెళ్ళి రావడానికి ఇచ్చే అడ్వాన్స్ పెరోల్ అనుమతి ఇంకా రాలేదు. స్నేహితులు ఇలాగే సెయింట్ లారెన్స్ నదిలో సరిహద్దు మీదున్న థౌజండ్ ఐలాండ్స్‌లో పడవ అద్దెకు తీసుకున్నారు. నేను కూడా వెళ్ళవచ్చా?

వలసపక్షి | జూన్ 15, ఉదయం 9:10

వద్దు. అడ్వాన్స్ పెరోల్ లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తును మీరే వదులుకున్నట్టు లెక్కవేస్తారు. హెచ్ లేదా ఎల్ (కంపెనీ బదిలీ) ఉద్యోగ వీసా హోదా నిలుపుకున్నవారికి మినహాయింపు ఉంది, మీరు దాన్ని వదిలేశారు. గీత దగ్గరికి కూడా వెళ్ళకండి. స్నేహితులను అమెరికా వైపు దీవులకే తీసుకెళ్ళమనండి, అక్కడ దీవులకు కరవా! పడవ సరదా తీరాలంటే మిచిగాన్ సరస్సుకు వెళ్ళండి. అయిదు మహా సరస్సుల్లో పూర్తిగా అమెరికాలోనే ఉన్నది అదొక్కటే.

గాలివాటు | జూన్ 15, మధ్యాహ్నం 12:48

మీరంతా కలిసి ఒక మనిషిని భయపెట్టేస్తున్నారు. మేము అటువైపు పెట్రోలు కూడా పోయించుకున్నాం. రేవులో కుర్రవాడు కార్డు గీకి, చేయి ఊపి పంపాడు.

చుక్కాని_రావు | జూన్ 15, మధ్యాహ్నం 12:55

రేవుకు పడవ కట్టారా?

గాలివాటు | జూన్ 15, మధ్యాహ్నం 12:57

కట్టకపోతే పెట్రోలు ఎలా పోస్తారు?

చుక్కాని_రావు | జూన్ 15, మధ్యాహ్నం 1:03

అయితే మీరు కెనడా వెళ్ళి, వారికీ చెప్పక, తిరిగి వచ్చి వీరికీ చెప్పలేదన్నమాట. ఆ కార్డు బిల్లు మీద తేదీ, ఊరు పేరు ఉంటాయి.

గాలివాటు | జూన్ 15, మధ్యాహ్నం 1:20

మా ఆవిడ హెచ్-4. ఇప్పుడేం చేయాలి?

నిర్వాహకుడు | జూన్ 15, మధ్యాహ్నం 1:31

గాలివాటు గారూ, ఈ విషయం ఇక్కడ ఇంకా విప్పకండి. వలస న్యాయవాదితో మాట్లాడండి. మిగతావారు ఆయనను వదిలేసి అసలు ప్రశ్నకు రండి.

మిస్సిసాగా_మావయ్య | జూన్ 15, సాయంత్రం 6:22

మా వైపు కథ తిరగేసి ఉంటుంది, వినండి. మేము కెనడాలో ఉంటాం. మా అత్తమామలు సూపర్ వీసా, అంటే తల్లిదండ్రులకిచ్చే దీర్ఘకాల కెనడా వీసా, మీద ఉన్నారు. రెండేళ్ళ క్రితం వారిని థౌజండ్ ఐలాండ్స్ చూపించడానికి తీసుకెళ్ళాం. పేరుకు వెయ్యి, లెక్కకు 1,864 దీవులు. అక్కడ హార్ట్ ఐలాండ్‌లో బోల్ట్ కోట ఉంది. హోటళ్ళ యజమాని జార్జ్ బోల్ట్ భార్య కోసం కట్టిస్తూ ఉండగా 1904లో ఆమె పోయారు. ఆయన పని ఆపించి మళ్ళీ ఆ దీవి గడప తొక్కలేదంటారు. మా అత్తగారు ఈ కథ విని కళ్ళు తుడుచుకుని, ఆ ఇల్లు చూడాల్సిందే అన్నారు.

ఆ దీవి అమెరికాది. రేవులోనే అమెరికా అధికారులు కూర్చుని ఉంటారు. మా ఇద్దరికీ కెనడా పాస్‌పోర్టులు కనుక దిగవచ్చు, అత్తమామలకు అమెరికా వీసా లేదు. మేము కొన్నవి కోట దగ్గర దిగే టిక్కెట్లు. బయలుదేరే రేవులోనే కాగితాలు చూసి వారిని ఎక్కనివ్వలేదు. టిక్కెట్లు మార్పించుకుని, దిగకుండా చుట్టి వచ్చే పడవ ఎక్కాం. అత్తగారు కోటను నీళ్ళ మీద నుంచే చూశారు. "ఇంత దూరం వచ్చి గుమ్మంలోంచి తిరిగిపోతున్నట్టుంది" అన్నారు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు టిక్కెట్టు కొనేముందు ఆ పడవ ఆగేదా, ఆగనిదా అని అడగండి.

పచ్చడిజాడీ | జూన్ 15, రాత్రి 8:10

మగవాళ్ళు చట్టాలు చెప్పారు, నేను తిండి సంగతి చెబుతాను, ఎందుకంటే పడవలో బుట్ట సర్దేది నేనే. పులిహోర, గారెలు, ఆవకాయతో మాకెప్పుడూ గొడవ రాలేదు. పండ్లు, పచ్చి కూరగాయలు, మాంసం ఉంటే మాత్రం అడగకముందే చెప్పండి. తిరుగు ప్రయాణంలో బుట్ట అడుగున ఒక నారింజ పండు మిగిలిందని మా పక్కింటివారికి 300 డాలర్ల జరిమానా వేశారు. పండు ఉన్నందుకు కాదు, లేదని చెప్పినందుకు. మేము వచ్చేముందు మిగిలిన పండ్లన్నీ అక్కడే తినేస్తాం, లేదా పారేస్తాం.

మద్యం తాగేవారికి ఒక మాట. పీలీ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో మనిషికి ఒక లీటరున్నర వైనుగానీ, 1.14 లీటర్ల గట్టి మద్యంగానీ, ఎనిమిదిన్నర లీటర్ల బీరుగానీ సుంకం లేకుండా తీసుకెళ్ళవచ్చు. 19 ఏళ్ళు నిండాలి. సీసా మూత తీసి నడుస్తున్న పడవలో తాగడం అక్కడ నేరం. పడుకునే చోటు, వంట, మరుగుదొడ్డి మూడూ అమర్చిన పడవలో, అదీ కట్టి ఉంచినప్పుడే తాగనిస్తారు. 24 అడుగుల పడవలో మామూలుగా అవన్నీ ఉండవు కనుక అన్నగారికి చెప్పి ఉంచండి.

వలసపక్షి | జూన్ 15, రాత్రి 8:25

గంజాయి గురించి కూడా చెప్పాలి. ఒంటారియోలో 2018 అక్టోబరు నుంచి చట్టబద్ధం, మిచిగాన్‌లో కూడా చట్టబద్ధమే. మధ్యలోని గీత దాటించడం మాత్రం రెండు వైపులా నేరం. పౌరులు కానివారికి అది దేశంలోకి రానివ్వకపోవడానికి సరిపడా కారణం. పడవ మీది కాకపోతే, అరలు అన్నీ ఒకసారి వెతికి ఎక్కండి.

బారువ_తీరం | జూన్ 16, ఉదయం 5:50

ఇవన్నీ చదువుతుంటే నవ్వూ వస్తోంది, దిగులూ వస్తోంది. మాది శ్రీకాకుళం జిల్లా. మా పక్క ఊళ్ళ నుంచి ఏటా గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్ళి అక్కడి బోట్లలో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులను పాకిస్తాన్ వారు సముద్రంలో పట్టుకున్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉన్నారు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ ఏడాది సంక్రాంతి ఎలా గడిపారో నేను చూశాను.

గుజరాత్ అంచున సర్ క్రీక్ అనే పాయ దగ్గర భారత్, పాకిస్తాన్ల మధ్య సముద్రంలో గీత ఎక్కడో ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోని గీతను జాలరి ఎలా చూసుకుంటాడు? వల లాగుతుంటే ప్రవాహం పడవను తీసుకుపోతుంది. అక్కడ ఫోను చేసి నివేదిక సంఖ్య తీసుకునే ఏర్పాటు లేదు.

చర్చ దారి తప్పిస్తే క్షమించండి.

చుక్కాని_రావు | జూన్ 16, ఉదయం 6:40

తప్పలేదు బాబూ. ప్రవాహం అన్నారు కనుక చెబుతాను. 2016 ఆగస్టులో పోర్ట్ హ్యూరన్ దగ్గర సెయింట్ క్లెయిర్ నదిలో, ఏటా చేసినట్టే, రబ్బరు ట్యూబుల మీద తేలుకుంటూ జనం బయలుదేరారు. గాలి, వాన లేచి దాదాపు 1,500 మంది అమెరికావాళ్ళను కెనడాలోని సార్నియా ఒడ్డుకు తోసేశాయి. వాళ్ళంతా ఈత దుస్తుల్లో, పాస్‌పోర్టు లేకుండా, కొందరు చెప్పులు కూడా లేకుండా ఉన్నారు. కెనడా పోలీసులు, తీర రక్షకులు వారిని ఒడ్డుకు లాగి, బస్సులు పెట్టి, వంతెన మీదుగా ఇంటికి పంపారు. ఎవరినీ జైల్లో పెట్టలేదు. మీ ఊరివారి కథతో పోల్చడానికి కాదు, ఒకే తప్పుకు రెండు చోట్ల ఎంత తేడా ఉంటుందో చూడండి.

నోవై_వాసి గారూ, ఇందులో మీకూ ఒక హెచ్చరిక ఉంది. అమ్మానాన్నలను పడవలో కూర్చోబెట్టి, దిగకుండా పీలీ చుట్టూ తిప్పి తీసుకొస్తే చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఈరీ సరస్సు లోతు తక్కువ. ఆ పడమటి భాగంలో సగటున ఏడెనిమిది మీటర్లే. గాలి లేచిందంటే కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటి కొడతాయి. ఇంజను ఆగితే గాలి మిమ్మల్ని ఏ దేశం ఒడ్డుకు చేరుస్తుందో మీ చేతిలో ఉండదు. ఆపదలో చేరినవారిని ఎవరూ తరమరు, అయినా కాగితాల తిప్పలు తప్పవు. డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళను అందులోకి ఎందుకు లాగాలి? వారిని పుట్-ఇన్-బేలో ఉంచండి.

నోవై_వాసి | జూన్ 16, రాత్రి 9:15

అందరికీ చాలా కృతజ్ఞతలు. బారువ_తీరం గారి మాటలు నాన్నకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాది భీమిలి దగ్గర. రావుగారి సలహానే పాటిస్తాం, వెళ్ళి వచ్చాక ఎలా జరిగిందో ఇక్కడే రాస్తాను. అన్నగారికి పడవ నడిపే కార్డు ఏదైనా కెనడాలో కావాలా?

చుక్కాని_రావు | జూన్ 17, ఉదయం 6:10

45 రోజుల లోపు వచ్చిపోయే పరదేశి తన పడవ తాను నడుపుకుంటే అక్కరలేదు. పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే మాత్రం, విదేశీ రేవుకు వెళ్ళే అమెరికా పడవకు అక్కడి రేడియో అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్సు కావాలి, మాట్లాడేవారికి కూడా ఒక అనుమతి కావాలి. ఇది నూటికి తొంభై మందికి తెలియదు. గేలానికి బతికున్న ఎర చేపలు మాత్రం పట్టుకెళ్ళకండి, ఒంటారియోలోకి తేవడం నిషేధం.

నోవై_వాసి | జూలై 21, రాత్రి 10:30

వెళ్ళి వచ్చాం. మాట ఇచ్చాను కనుక రాస్తున్నాను.

అమ్మానాన్నలతో నా భార్య పుట్-ఇన్-బేలోనే ఉండిపోయింది. అన్నగారు, వదినగారు, నేను వెళ్ళాం. బయలుదేరినప్పుడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. జీపీఎస్ తెర మీద మా పడవ బొమ్మ ఆ చుక్కల గీత దాటుతుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. బయట ఏమీ మారలేదు, నీళ్ళే. పీలీలో పడవ కట్టి అన్నగారు ఒక్కరే దిగి ఫోను చేశారు. మేమిద్దరం బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా పడవలోనే కూర్చున్నాం. పన్నెండు నిమిషాలు పట్టింది. నివేదిక సంఖ్య రాసుకోవడానికి కాగితం దొరక్క వదినగారి పులిహోర డబ్బా మూత మీద రాశాం. ఎవరూ వచ్చి చూడలేదు. ద్రాక్ష తోటల మధ్య సైకిళ్ళ మీద తిరిగాం.

తిరుగు ప్రయాణంలో గాలి లేచింది. రావుగారు చెప్పిన పొట్టి కెరటాలు ఎలా ఉంటాయో తెలిసింది. అన్నగారు ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, మరో చేత్తో కడుపు పట్టుకుని నడిపారు. ఒడ్డుకు చేరి యాప్ నొక్కితే, గ్రీన్‌కార్డు వాళ్ళిద్దరికీ అయిదు నిమిషాల్లో అయిపోయింది. నన్ను మాత్రం స్వయంగా కార్యాలయానికి రమ్మన్నారు. ఐ-94 చూసి, ముద్ర గడువు తేదీ చూసి, "పడవ మీద వచ్చారా?" అని ఒకసారి తలెత్తి చూసి, పంపేశారు.

మేము లేనప్పుడు అమ్మానాన్నలు అక్కడి శాంతి స్మారక స్తంభం ఎక్కారట. 352 అడుగులు, లిఫ్టు ఉంది. 1813లో ఈ సరస్సు మీదే అమెరికాకు, బ్రిటన్‌కు జరిగిన యుద్ధానికి గుర్తుగా కట్టినది. కెనడా ఎటు ఉందని నాన్న అడిగితే అక్కడి ఉద్యోగి చేయి చాపి చూపించాడట. నాన్న చాలాసేపు అటే చూసి, "గీత ఏదీ?" అని అడిగారట.

పచ్చడిజాడీ | జూలై 21, రాత్రి 10:52

కార్డులు చూశారు, డబ్బాలో పులిహోర చూశారా?

నోవై_వాసి | జూలై 21, రాత్రి 10:58

చూడలేదండీ, నేనే చెప్పాను. నిమ్మకాయ పులిహోరా, చింతపండు పులిహోరా అని మాత్రం అడగలేదు.

మిస్సిసాగా_మావయ్య | జూలై 22, ఉదయం 7:15

ఆ కెరటాల తరువాత అన్నగారు పడవ అమ్మకానికి పెడితే నాకు ముందు చెప్పండి.

నోవై_అన్న | జూలై 22, ఉదయం 9:04

ఈ చర్చ కోసమే ఖాతా తెరిచాను. ఆ అన్నగారిని నేనే. పడవ అమ్మడం లేదు.